నీళ్లు చొరని వాచీల సుందరి

“వాటర్ ప్రూఫ్ అన్నావు కదమ్మా. మరి లోపల ఈ నీళ్లేంటి, లేత బొండంలోలాగ?”

“ఊరికే దూరవండి నీళ్లు. మీరేదో చేసేరు.”

“నేనేం చేసేను? చేతికి పెట్టుకున్నాను. వాచీని చేతికి కాక చెవికి పెట్టుకుంటారా?”

అమలాపురం బస్టాండు పక్క సందులో, తన సెల్‌ఫోన్ల కొట్లో కూర్చుని ఎవరిదో ఫోనుకి గ్లాసు అంటిస్తున్న అభిలాష్ ఈ మాటలకి చెయ్యి బెదిరి, గ్లాసు కింద ఇంత బుడగ వదిలేశాడు. గొడవ జరుగుతున్నది అతని కొట్టు అరుగు మీదే. అక్కడ బల్ల వేసుకుని స్మార్ట్ వాచీలు బాగుచేసేది సుందరి. ఆమె మీద లేచినవాడు మంగరాజు గారు. ఆ కొట్టూ, అరుగూ, పైన రెండు వాటాలూ అన్నీ ఆయనవే.

జరిగింది ఇది. కువైట్‌లో ఉన్న మేనల్లుడు మంగరాజు గారికి వాచీ పంపేడు. తడిస్తే ఏమవుతుందమ్మా అని పోయిన నెల ఆయన అడిగితే, ఏమీ అవదండి, ఫ్యాక్టరీలో ఇలాంటివి కొన్ని వేలు నా చేతుల మీదుగా వెళ్లేయి అని సుందరి గొప్పగా చెప్పింది. ఆ ధైర్యంతో ఆయన మొన్న శనివారం వాడపల్లిలో గోదావరి స్నానానికి వాచీతో సహా దిగేడు. ఆరిపోయే ముందు అది ఆయన గుండె సున్నాసార్లు కొట్టుకుంటోందని చూపించిందట. ఆయన రేవు మెట్ల మీద కూలబడి, పక్కనున్న ముక్కూమొహం తెలియనివాడి చేత ముక్కు దగ్గర చెయ్యి పెట్టించి, ఊపిరి ఆడుతోందని ఖాయం చేసుకున్నాకే లేచాడట. అది చెప్తున్నప్పుడు అభిలాష్ మొహం గోడవైపు తిప్పుకోవాల్సి వచ్చింది.

మంగరాజు గారు వాచీ పెట్టె కూడా తెచ్చాడు. దాన్ని నాలుగు పక్కలా తిప్పి చూపించాడు.

“కంపెనీ పేరుంది, దేశం పేరుంది. నీ పేరేదీ? సాయంత్రంలోగా తప్పెవరిదో తేల్చు. నాదైతే నోరు మూసుకుంటాను. తేలకపోతే రేపొద్దున్నకి బల్ల తీసెయ్యి. కోతలు కోసేవాళ్లకి నా అరుగు మీద చోటు లేదు.”

ఆయన వెళ్లిపోయాడు. సుందరి కళ్లకి భూతద్దం తగిలించుకుంది.

నిజం చెప్పాలంటే మొదట్లో అభిలాష్ కూడా ఆమెవి కోతలే అనుకున్నాడు. ఇంజనీరింగ్ మూడో ఏట మానేసి వచ్చినవాడు కాబట్టి, ఏదో చేసేమని చెప్పుకునేవాళ్లంటే అతనికి అనుమానం. రాజోలు దగ్గర పల్లె నుంచి వచ్చి, ఐటీఐ చదివిన ఈ పిల్ల, మద్రాసు అవతల ఏదో ఫ్యాక్టరీలో నాలుగేళ్లు వాచీలు చేసిందంటే ఎవరు నమ్ముతారు? వాచీలు ఏ జపానులోనో మరమనుషులు చేస్తారని అతని లెక్క.

మధ్యాహ్నం బేరాలు లేని వేళల్లో ఆమె చెప్పగా చెప్పగా నమ్మకం కుదిరింది. ఎందుకంటే ఆమె గొప్పలు చెప్పేది కాదు, విసుగులు చెప్పేది. తలకి టోపీ, ఒంటికి తెల్లకోటు. గోరింటాకు రేణువు కూడా రాలకూడదు. వరసగా బల్లలు. ఒకామె వేలెడు లేని పచ్చ సర్క్యూట్ పలకని డిప్పలో కూర్చోబెడుతుంది, ఒకామె బ్యాటరీ, ఒకామె తెర. వెంట్రుకంత జిగురు గీత మిషను గీస్తుంది, అది ఎక్కడా తెగలేదని మనిషి చూస్తుంది. చివర్లో వాచీని రబ్బరు చేతికి కడితే, అడుగునున్న ఆకుపచ్చ దీపం ఆ చేతిలో మిషను కొట్టే దొంగ నాడిని కొలవాలి. కొలవకపోతే వెనక్కి. అభిలాష్‌కి అన్నిటికంటే నచ్చింది ఇంకొకటి. లోపల ఎవరూ గాజులు, ఉంగరాలు, వాచీ పెట్టుకోకూడదట. నాలుగేళ్లూ సుందరి మణికట్టుకి ఉన్నది ఒక పట్టీ, దానికో తీగ, ఆ తీగ బల్లకి. ఒంట్లో పుట్టే కరెంటు వాచీకి తగలకుండా. “గేదెని కట్టేసినట్టండి” అనేది.

వాచీలు చేసే ఆ లైను వేరే రాష్ట్రానికి తరలిపోతే ఆమె ఇంటికొచ్చేసింది. చేతిలో పని, కంటికి చూపు ఉన్నాయి. లేనిది కూర్చోడానికి చోటు. అది అభిలాష్ అరుగు మీద దొరికింది. ఇప్పుడు అది కూడా పోయేలా ఉంది.

ఆమె వాచీ వెనక మూతని గాలిమిషనుతో వెచ్చచేసి, పల్చటి ప్లాస్టిక్ ముక్కతో చుట్టూ తిప్పి ఊడదీసింది. జిగురు గీత ఎక్కడా తెగలేదు. ఆమె వాచీని దీపం దగ్గరికి జరిపింది. జిగురు బాగుంటే నీళ్లు ఎటు నుంచి వచ్చేయి?

“ఇలా రండి, అభిలాష్ గారూ” అంది కాసేపటికి.

వాచీ పక్కన చిన్న కన్నం ఉంది. లోపలి గాలీ బయటి గాలీ సర్దుకోడానికట. దాని వెనక ఆవగింజలో సగమంత తెల్లటి పొర. గాలిని పోనిస్తుంది, నీటిని రానివ్వదు. చివరి రెండేళ్లూ ఆమె పట్టకారుతో ఆ పొరలే అంటించింది. అంటించాక వాచీని నీళ్లలో ముంచరు, బిగుతు డబ్బాలో పెట్టి గాలితో నొక్కుతారు. ఏమాత్రం కారినా ఎర్ర దీపం.

భూతద్దంలో అభిలాష్‌కి ముందు ఎరుపే కనపడింది. తుప్పు అనుకున్నాడు.

“కుంకుమండి” అంది సుందరి. “పొర మధ్యలో చూడండి.”

గుండ్రంగా బెజ్జం. సూదితో పొడిచినట్టు.

సాయంత్రం మంగరాజు గారు భార్యని వెంటబెట్టుకుని వచ్చాడు, బజారుపని మీద బయల్దేరినట్టున్నారు. వరహాలమ్మ గారు కొబ్బరిపీచు సంచీ అరుగు మీద పెట్టి నిలబడింది. సుందరి ఆయనకి భూతద్దం ఇచ్చి, జిగురు చూపించింది, కన్నం చూపించింది, ఎరుపు చూపించింది. కొత్త వాచీకి బొట్టు పెట్టారాండీ అని అడిగింది.

పెట్టకుండా ఎలా, కొత్త వస్తువు కదా, వాచీ వచ్చిన వారమే వాడపల్లిలో పూజారి గారి చేత నేనే పెట్టించేను అన్నాడాయన కొంచెం గర్వంగానే.

“ఆ కుంకుమ కన్నంలో గట్టిపడిందండి. తర్వాత ఎవరో దాన్ని తవ్వేరు.”

“ఎవరు తవ్వుతారు? నేను తప్ప దాన్ని ముట్టుకునే మగాడు ఇంట్లో లేడు.”

సుందరి చూపు వరహాలమ్మ గారి చేతి మీదకి పోయింది. అభిలాష్ చూపూ అక్కడికే పోయింది. గాజులకి వేలాడుతూ నాలుగు పిన్నీసులు. చీరకి, జాకెట్టుకి, పిల్లల కాల్లో ముల్లుకి, అన్నిటికీ అవే. చెప్తే బల్ల ఉంటుంది. చెప్తే ఈవిడకి ఇంట్లో వారం రోజుల పెళ్లి.  ఎర్ర దీపం వెలిగిన వాచీని ఒక్కటి కూడా ముందుకి పంపని సుందరి, ఆ నిమిషం తప్పెవరిదో చెప్పకుండా ఆగిపోయింది.

“నేనే తవ్వేను” అంది వరహాలమ్మ గారు. “ఎర్రగా గలీజుగా ఉందని పిన్నీసు పెట్టి శుభ్రం చేసేను. ఏం? వాచీ నుదుటన కాకుండా ముక్కులో బొట్టు పెట్టించిందెవరో అది కూడా అడుగమ్మా.”

మంగరాజు గారు భార్యని చూశాడు, వాచీని చూశాడు, అరుగుని చూశాడు. నోరు మూసుకుంటానని పొద్దున్న అన్న మాట గుర్తొచ్చినట్టుంది.

“ఆయ్” అన్నాడు చివరికి. “బల్ల ఉండనియ్యి.”

వాళ్లు సందు మలుపు తిరిగేదాకా పూజారిదా పిన్నీసుదా తప్పు అన్న వాదన వినపడుతూనే ఉంది. సుందరి ఆ పొరని ఒక కాగితంలో మడిచి సొరుగులో దాచింది. అక్కడి నుంచే ఒక అట్టముక్క తీసి అభిలాష్ ముందు పెట్టింది.

“అభిలాష్ గారూ, మీ అక్షరాలు గుండ్రంగా ఉంటాయండి. ఒక బోర్డు రాసిపెట్టండి. కొత్త వాచీకి బొట్టు బెల్టుకి పెట్టుకోండి, కన్నానికి వద్దు అని. పిన్నీసు మాట ఎత్తకండి, ఆవిడ రోజూ ఇటే వెళ్తారు.”

అతను స్కెచ్‌పెన్ను మూత తీశాడు. ఆమె బల్ల మీద మిగిలిపోయిన ఆ వాచీ పెట్టెని ఒకసారి నాలుగు పక్కలా తిప్పి చూసింది.

“కింద నా పేరు కూడా రాయండి. సుందరి, వాచీలు చేసిన మనిషి అని.”