గుడ్డు దొంగ దేముడమ్మ

దేముడమ్మకి ఒక్కటే జబ్బు. పిల్లల కంచంలో సెయ్యి పెడతాది. పోనీ ఎవరింట్లోనో అనుకుంటారేమో, మా ఊరి అంగన్‌వాడీలోనే. ఆవిడ అక్కడ ఆయా. వండీదీ ఆవిడే, వడ్డించీదీ ఆవిడే, వడ్డించింది ఎత్తుకుపోయీదీ ఆవిడే.

చీపురుపల్లి బస్సెక్కే జనం కూడా ఈ మాట సెప్పుకుంటారు. పిల్లలు కూకోగానే ఎనకనుంచి పిల్లిలాగొచ్చి గుడ్డులోంచి ముక్క గిల్లీసి, "నాను తినీసినానోయ్" అని పరుగెట్టీడం. రోజంతా మోకాళ్ల నొప్పులని మూలిగే మనిషి, గుడ్డు ముక్క సేతిలో పడితే మేకపిల్లే.

నాను గుమ్మంకాడ సూసి ఓపాలి అడిగీసినాను, ఏటొదినా నీకింట్లో కూడు లేదా అని. పిల్లల కంచంలో రుచి వేరంట. సిగ్గూ లేదు, శరమూ లేదు.

మా ఈది జగన్నాధం కూతురి పెళ్లిలో బంతికి కూకుని పక్కనున్న మూడేళ్ల పిల్లడి ఆకులో బూరె ఎత్తీసింది. ఆడి తల్లి తిట్టిన తిట్లకి మేళగాళ్లు సన్నాయి ఆపీసినారు. ఆ పిల్లడు మాత్రం, అంతదాకా మెతుకు ముట్టనోడు, మిగిలిన బూరెని రెండు సేతులా పట్టుకుని అటూ ఇటూ సూసుకుంటా తినీసినాడు. నా బుర్రకి అప్పుడేటీ ఎక్కలేదు.

ఇక మా పింకీ సంగతి. నా కొడుకు కూతురు, నాలుగేళ్లది. తల్లి జూట్‌మిల్లు డ్యూటీకి పోతాది, పిల్ల నా సేతిలో. ముద్ద సూపిస్తే మూతి బిగించీస్తాది. అంగన్‌వాడీలో నెలనెలా బరువు తూసి కార్డులో సుక్క పెడతారు. పచ్చరంగులో పడితే బాగున్నట్టు, పసుపైతే జాగర్త, ఎరుపైతే భయం. మా దాని సుక్క ఎరుపులో పడింది. వచ్చేనెలకి పెరక్కపోతే విజయనగరం ఆస్పత్రిలో ఉంచాలన్నాది కుమారి టీచరు.

అలాటి పిల్ల కంచంలో రోజూ సెయ్యి పెడతన్నాది ఈవిడ.

"ఒసే దేముడమ్మా, ఈ ఎముకల గూడు దగ్గర లాక్కోడానికి నీకు సేయెలా వచ్చిందే?" అన్నాను. ఇకిలించింది.

నాకు రాత రాదు. పక్కింటి నాగబాబు సేత పిల్లల గుడ్లు తినీస్తన్నాదని కాగితం రాయించి, ఏలిముద్రేసి సూపర్‌వైజరు మేడంకి పంపీసినాను. బరువులు తూసే రోజుకే మేడం దిగింది. ఏమ్మా, పిల్లల గుడ్లు తింటన్నావంట కదా అని దేముడమ్మని అడిగింది.

కుమారి టీచరు నోరు నొక్కుకుని నవ్వీసింది. "ఆవిడ పుట్టి బుద్దెరిగి గుడ్డు ముట్టలేదు మేడం. ఉడకబెట్టినప్పుడు ముక్కుకి గుడ్డ కట్టుకుంటాది. దొంగ వస్తాదని పిల్లలు గబగబా తింటారు. గిల్లిన ముక్క కూడా ఆకరికి తెచ్చి ఆళ్ల నోట్లోనే పెట్టీస్తాది."

నాకు తల కొట్టీసినట్టయింది. నాకెందుకు సెప్పలేదే దేముడమ్మా అన్నాను.

"నీ నోట్లో నువ్వుగింజ నానదు కదొదినా. నువ్వు పింకీకి సెప్పీస్తే ఆట పోదా?"

ఈలోగా పింకీని మిషనెక్కించి సుక్క పెట్టినారు. పసుపులో పడింది. అంచుమీదే గానీ, పసుపే.

అన్నాలేల అయింది. మేడం ఉన్నాదని దేముడమ్మ సేతులు కట్టుకుని మూల నిలబడింది. పింకీ గుడ్డు ముందెట్టుకుని ఎనక్కి ఎనక్కి సూస్తాది, తినదు. దొంగ రాలేదు. ఆకరికి పింకీ లేచెల్లి, గుడ్డు సగం తుంపి దేముడమ్మ సీర లాగింది.

"నువ్వు తింటేనే నాను తింటాను."

దేముడమ్మ నాకేసి సూసింది. నాను మేడంకేసి సూసినాను. మేడం పైకప్పుకేసి సూసింది.

దేముడమ్మ ఒంగి, కళ్లు మూసుకుని నోరు తెరిచింది. కాకరకాయ కసాయం తాగినట్టు మింగింది. పింకీ ఆవిడ సేత "ఆ" అనిపించి, నోరంతా ఎతికి, మిగిలిన సగం తన నోట్లో పెట్టీసుకుంది.

నాను రాయించిన కాగితం సింపీయమందామనుకునేలోగా మేడం దాన్ని బయటకి తీసి, ఇంతకీ దీనిమీద ఏం రాయమంటావు దేముడమ్మా అన్నాది.

ఆవిడ కొంగుతో ముక్కు మూసుకుని, "తిన్నాదనే రాసీండమ్మా. ఈరోజు మటుకు నిజంగానే తినీసినాను" అన్నాది.