అమ్మవారు మామిడికాయ కొరికిన రోజు

ఆ రోజుల్లో భయమంటే ఏమిటో తెలియదని నేను అందరికీ చెప్పుకుని తిరిగేవాడిని. (అప్పటిదాకా నన్నెవరూ సరిగ్గా భయపెట్టలేదన్నదే అసలు సంగతి.) బొమ్మల కాలేజీ నుంచి అప్పుడే బయటపడ్డాను. గడ్డం ఉంది, భుజానికి గుడ్డ సంచీ ఉంది, కావలసినంత నోరుంది, పని మాత్రం లేదు. కళాకారుడన్నవాడు ఎవరికీ జడవకూడదని, దేవుడి బొమ్మైనా దొర బొమ్మైనా వేసేవాడి ఇష్టమేనని, నచ్చనివాళ్ళు కళ్ళు మూసుకుని పక్కనుంచి వెళ్ళిపోవచ్చని టీ కొట్ల దగ్గర గంటలకొద్దీ చెప్పేవాడిని. వినేవాళ్ళు కూడా నాలాంటి గడ్డాలవాళ్ళే కాబట్టి ఎదురు చెప్పేవాళ్ళుండేవారు కాదు. ఈ ఉపన్యాసాలు ఇంట్లో మొదలుపెట్టేసరికి మా నాన్న నన్ను చింతపల్లి కొండల్లో కిరాణా కొట్టు నడుపుకుంటున్న మా బాబాయ్ దగ్గరికి బస్సెక్కించాడు.

మా బాబాయ్ విజయనగరం వైపు నుంచి కొండెక్కి ఇరవై ఏళ్ళు దాటింది. కరెంటు బిల్లుకీ, తెల్ల చొక్కా వేసుకున్న ప్రతి మనిషికీ, ఆఖరికి ఎర్ర సిరాతో రాసిన కాగితానికీ భయపడే మనిషి. ఆయన్ని చూసి నాకు లోపల్లోపల నవ్వొచ్చేది. కొట్టు పక్కనే ఓ కాఫీ హోటలుంది. దాని యజమానిని ఊళ్ళో అందరూ డికాక్షన్ గారనే అనేవారు. రోడ్డు వైపు ఆయన గోడ బోసిగా ఉండేది. "ఏదైనా లోకల్‌గా వెయ్యి బాబూ, టూరిస్టులు సెల్ఫీ దిగేలా ఉండాలి" అన్నాడాయన. అంతకన్నా అనుమతి నాకు అక్కర్లేదు.

లోకల్ కోసం వారపు సంతకి వెళ్ళాను. అక్కడ కొండ మీద ఊరి నుంచి వచ్చి అల్లం అమ్ముకునే ఓ ముసలావిడ కనిపించింది. ముక్కుకి మూడు కమ్ములు, నోట్లో అడ్డపొగ. (అంటే చుట్టని నిప్పున్న వైపు నోట్లో పెట్టుకుని పీల్చడం. మా నాయనమ్మ కూడా అలాగే తాగేది, చుట్టాలొస్తే మాత్రం మానేసినట్టు కూర్చునేది.) అల్లం మామ్మ ఎవరొచ్చినా మానేసినట్టు కూర్చునే రకం కాదు. నేను ఎదురుగా కూర్చుని గీస్తుంటే కళ్ళు చిట్లించి చూసింది.

"ఏటి గుంటడా, నన్నే సూత్తన్నావు?"

"నీ బొమ్మ వేస్తున్నా మామ్మా."

"నా బొమ్మెందుకు? ఆదార్ కార్డులో ఉంది గదా. అందులో దెయ్యంలాగున్నాను."

"దానికన్నా బాగా వేస్తాను."

"ఐతే బేగి కానీ. సుట్ట తీసీమంటావేటి?"

వద్దు వద్దన్నాను. ఆ చుట్టతోటే, ఆ బుగ్గల సొట్టలతోటే డికాక్షన్ గారి గోడ మీద అమ్మవారిని వేశాను. ఏ అమ్మవారని అడిగితే కొండ అమ్మవారనేవాడిని. వెనక మిరియం తీగలు పాకిన చెట్లు, తల చుట్టూ పసుపు వెలుగు, పక్కనే రాతికి ఆనించిన త్రిశూలం. నాలుగు చేతులు పెట్టాను. ఒక చేతిలో కొడవలి, ఒక చేతిలో రాగి కంకి, హోటలాయన ముచ్చట కోసం ఒక చేతిలో కాఫీ గ్లాసు. నాలుగో చేతికి ఏమివ్వాలో తోచలేదు. గిన్నెలో ఆకుపచ్చ రంగు మిగిలి ఉంటే, కొరికిన మామిడికాయ ఒకటి ఇచ్చాను. ఫోటో తీసి, "భయపడే చెయ్యి బొమ్మ వెయ్యలేదు" అని రాసి ఫోన్‌లో స్టేటస్ పెట్టుకున్నాను. ఆ రోజు నాకంటే ఎత్తుగా ఉన్నవి ఆ కొండలు మాత్రమే అనిపించింది.

మూడు రోజులూ అదే స్టేటస్, మూడు రోజులూ పొగడ్తలే. నాలుగో రోజు ఉదయం తెలియని నంబరు నుంచి మెసేజ్ వచ్చింది: "అమ్మవారి నోట్లో చుట్టా? నీ అడ్రస్ పెట్టు." ఎవరో సరదా పడుతున్నారనుకున్నాను. ఇంకోటి వచ్చింది, ఆ తర్వాత వరసే. కింద మైదానంలో ఎవరో నా ఫోటోలో చుట్ట చుట్టూ ఎర్ర గీత గీసి గ్రూపుల్లో తిప్పుతున్నారట. దాని కింద నా పేరు, నా గడ్డం ఫోటో కూడా ఉన్నాయి. ఒకాయన వాయిస్ మెసేజ్ పంపాడు. "ఒరేయ్" అన్న మొదటి మాట దగ్గరే ఆపేశాను. రెండో మాట ఏమిటో నాకు ఇప్పటికీ తెలియదు. ఇంకో చిక్కేమిటంటే, ఆ వీధి మొత్తానికి సిగ్నల్ సరిగ్గా దొరికేది డికాక్షన్ గారి గోడ ముందే. నన్నెవరెవరు ఏమేం చెయ్యబోతున్నారో తెలుసుకోవాలంటే, ప్రతిసారీ వెళ్ళి ఆ అమ్మవారి ముందే నిలబడాలి. ఆవిడ చుట్ట పీలుస్తూ నన్నే చూస్తుండేది.

పిన్ని పెట్టిన ఉప్మా పళ్ళెం పట్టుకుని, రోడ్డు కనపడని మూలకి జరిగి కూర్చున్నాను. రోడ్డు మీద ఏ బైకు ఆగినా ప్రాణం పోయినంత పనయ్యేది. నచ్చనివాళ్ళు కళ్ళు మూసుకోవచ్చని టీ కొట్టు దగ్గర చెప్పిన మాట గుర్తొచ్చింది. కళ్ళు మూసుకోకుండా నేరుగా మనింటికొచ్చే వాళ్ళని ఏం చెయ్యాలో మాత్రం నేనెప్పుడూ ఆలోచించలేదు. "లోకల్ అంటే మరీ ఇంత లోకలా బాబూ?" అని డికాక్షన్ గారు ఓ మాటనేసి, రక్తపరీక్ష ఉందంటూ నర్సీపట్నం దిగిపోయాడు. బాబాయ్ నన్ను లోపలికి పిలిచి, "మీ నాన్నకి ఏటి సెప్పాల్రా నేను?" అన్నాడు. తిట్టి ఉంటే బాగుండేది. ఆయన గొంతు వణికింది, అది విని నేను ఇంకా వణికాను.

ఇంతలో పదిగంటలకి ఘాట్ రోడ్డు జీపు డ్రైవరు కొట్టు ముందు ఆగి అసలు కబురు చెప్పాడు. "బాబూ, దిసారి మీకోసం అడుగుతన్నాడు. మూడు జీపులు కట్టించీసినాడు. మద్దేన్నానికల్లా దిగిపోతారు." దిసారి అంటే ఆ కొండ ఊళ్ళకి పండగ ముహూర్తాలు పెట్టే పూజారి. ఆయన మాటంటే మాటే. కింద నుంచి తిట్టేవాళ్ళు ఫోన్‌లో ఉన్నారు, వీళ్ళేమో జీపుల్లో వస్తున్నారు. బాబాయ్ షట్టరు సగం దించాడు. (పూర్తిగా దించితే తప్పు చేసినట్టుంటుందట, అసలు దించకపోతే ధైర్యమున్నట్టుంటుందట. రెండూ ప్రమాదమేనన్నాడు.)

అప్పుడు నేను చేసిన పని ఎవరూ చెయ్యమనలేదు. అది మాత్రం రాసి తీరాలి. బాబాయ్ కొట్లోంచి సున్నం తీసుకుని, బకెట్లో కలిపి, గోడ దగ్గరికి పరిగెత్తాను. ముందు చుట్ట మీద వేశాను, తర్వాత నోరు, తర్వాత మొహమంతా. ఒక పూత వేసినా కళ్ళు కనపడుతున్నాయి. రెండో పూత వేసినా చూస్తూనే ఉన్నాయి. "క్షమించు తల్లీ" అంటూ మూడో పూత వేశాను. అన్నది అమ్మవారినో మామ్మనో నాకే తెలియదు. చేతులూ త్రిశూలం అన్నీ పోయాయి. స్టేటస్ తీసేశాను, ఫోన్‌లో ఉన్న ఫోటోలన్నీ తీసేశాను, సంతలో గీసిన కాగితాలు పిన్ని పొయ్యిలో పెట్టేశాను. ఆ గంటలో నేను పనిచేసినంత చురుగ్గా నా జన్మలో ఎప్పుడూ పని చెయ్యలేదు.

జీపులు వచ్చాయి. లోపలున్నవాళ్ళూ, పైన కూర్చున్నవాళ్ళూ, వెనక వేలాడుతున్నవాళ్ళూ కలిసి నలభై మంది దాకా ఉంటారు. నేను బియ్యం బస్తాల వెనక కూర్చున్నాను. పేరు పెట్టి పిలిచేసరికి తప్పక బయటికొచ్చాను. తలకి తువ్వాలు చుట్టుకుని అందరికన్నా ముందు నిలబడ్డ బక్కపల్చటి మనిషి దిసారి. ఆయన పక్కన అల్లం మామ్మ, కొత్త చీర కట్టుకుని ఉంది. అందరూ గోడ వంకే చూస్తున్నారు.

"ఇక్కడ అమ్మ బొమ్మేదీ?" అన్నాడు దిసారి.

"చెరిపేశారండీ."

"ఎవులు?"

"కింద నుంచి ఎవరో వచ్చారు. అమ్మవారి నోట్లో చుట్ట తప్పన్నారు." ఈ అబద్ధం నా నోట్లోంచి ఎంత సులువుగా వచ్చిందో!

"సుట్ట తప్పేటి? మా అమ్మ తాగదేటి? పూజకి సుట్ట ఎట్టకపోతే కోపమొచ్చేత్తాది."

నాకు తల తిరిగింది. "మరి మీరెందుకొచ్చారండీ?"

"కాయ కోసం" అన్నాడు దిసారి.

సంగతి అప్పుడు తెలిసింది. ఆ కొండల్లో మామిడి కొత్త అని ఒక పండగ. చెట్ల నిండా కాయలున్నా, ఆ పండగనాడు దేవతకి పెట్టేదాకా ఒక్కరూ నోట్లో పెట్టరు. పండగ ఇంకా మూడు వారాలుంది. బొమ్మలో సాక్షాత్తూ అమ్మవారే కాయ కొరికి కూర్చుంది. "రోడ్డు మీద నీ బొమ్మ సూసీసి గుంటలంతా సెట్లెక్కీసినారు బాబూ. ఏట్రా ఇదీ అని అడిగితే, 'అమ్మే తినీసింది, మాకేటి?' అంతన్నారు. ఏటి సెప్పమంటావు ఆలకి?" అన్నాడు దిసారి, నిజంగా దిక్కుతోచని మనిషిలా. ఆయన కోరింది ఒక్క ఆకు. కాయ మీద ఆకు వేసి మూడు వారాలు కప్పేస్తే, కొత్త అయిన రోజున ఆయనే వచ్చి దగ్గరుండి ఆ ఆకు తీయిస్తాడట.

"అయినా నోట్లో నిప్పెట్టుకుని కాయెలా కొరుకుతాన్రా? ఆపాటి తెలీదేటి నీకు?" అంది మామ్మ. అందరూ నవ్వారు. నేనూ నవ్వబోయాను గానీ అంతలో దిసారి మొహం మారింది.

"ఆ సెరిపినోలు ఎవులు? ఏ ఊరు? జీపులున్నాయి, ఇప్పుడే పోయి అడుగుదాం పద. మా అమ్మని సెరపడానికి ఆలెవులు?"

నలభై మందీ ఒక్కసారి కదిలారు. నా తరఫున దెబ్బలాడటానికి! అప్పటిదాకా పడ్డ భయాలన్నీ ఒకెత్తు, ఇది ఒకెత్తు. ఏ ఊరని చెప్పను? మామ్మ నా చెయ్యి పట్టుకుంది, వేళ్ళ నుంచి మోచెయ్యి దాకా చూసింది.

"ఈ సున్నమేటి?"

చెయ్యి వెనక్కి లాక్కోబోయాను, ఆవిడ వదల్లేదు.

"బయమేసిందేటి?"

"వేసింది మామ్మా."

ఒక్కరూ తిట్టలేదు. మామ్మ గోడ దగ్గరికెళ్ళి వేలితో తాకింది, ఇంకా తడిగానే ఉంది. వేలికంటిన సున్నం నా చొక్కాకే తుడిచింది. "మావోలందరినీ ఎంటెట్టుకొచ్చినాను, నా మొకం సూపిత్తానని" అంది, నా వంక చూడకుండా. నాకు ఏడుపొచ్చింది, అందరి ముందూ ఏడ్చాను కూడా. కొత్త నాటికి మళ్ళీ వేస్తానన్నాను. దిసారి తలూపి జీపెక్కాడు.

కింద నుంచి ఎవరూ రాలేదు. వారం తిరక్కుండా గ్రూపుల్లో ఇంకెవరి మీదో పడ్డారు. నేను మాత్రం మూడో రోజునే బస్సెక్కి దిగిపోయాను. కొత్త పండగ మర్నాడు మామ్మ నాకోసం గంపెడు కాయలు తెచ్చి బాబాయ్ కొట్లో పెట్టి వెళ్ళిందట. "ఎప్పుడొత్తావని అడిగింది" అన్నాడు బాబాయ్ ఫోన్‌లో. వచ్చే వారమన్నాను. ఎన్ని వారాలైందో లెక్కలేదు. ఆ మొహం మళ్ళీ గీద్దామని చాలాసార్లు కూర్చున్నాను. బుగ్గలొస్తాయి, ముక్కుకమ్ములొస్తాయి, మామ్మ మాత్రం రాదు. ఎర్ర గీత గీసి తిట్టినవాళ్ళెవరి ఫోన్‌లోనైనా ఆ ఫోటో మిగిలి ఉంటే బాగుండునని, ఇప్పుడు వాళ్ళ మీదే ఆశ పెట్టుకున్నాను.

ఇప్పుడు నాకు పనికి లోటులేదు. అపార్ట్‌మెంట్ల లాబీల్లో, పెళ్ళి హాళ్ళలో జలపాతాలూ లేళ్ళూ వేస్తుంటాను. (లేడిది ఏ మతమూ కాదు, అది చుట్ట తాగదు.) గడ్డం తీసేశాను. "మీ బొమ్మల మీద ఇంతవరకూ ఒక్కరు కూడా అభ్యంతరం చెప్పలేదండీ" అని పనిచ్చేవాళ్ళు మెచ్చుకుంటుంటే, చేతులు జోడించి నవ్వుతాను. నా బొమ్మ కోసం నలభై మంది జీపులెక్కి రావడం ఒక్కసారే జరిగింది. అదీ ఒక్క ఆకు వేసి దాన్ని ఉంచమని అడగడానికి.