చాచా నమ్మని బీపీ మిషను

మా పక్కింటి చాచా పోయిండని ఫోనొచ్చింది. బీపీ పెరిగి మెదడుల నరం చిట్లిందన్నరు. అప్పుడు నేను కంపెనీల బాయిలరు కాడ నిలబడ్డ. రెండు ప్రెషర్ మీటర్లు రెండు తీర్ల చూపెడుతున్నయ్, ఏది నమ్మాల్నో సమజైతలేదు. ఫోను పెట్టేసి, ఏ మీటర్ తప్పో చాచాను అడుగుదాం అనుకున్న. గట్లుంది నా దిమాక్.

ఇబ్రహీంపట్నం ఐటీఐల నాకు మీటర్ల పని నేర్పింది ఆయనే. క్లాసుల ఎక్కంది సాయంత్రం వాళ్లింట్ల మళ్ల చెప్పేటోడు. ముల్లు గేజు ఇప్పి, లోపటి వంకర ఇత్తడి గొట్టం చూపిచ్చిండు. జాతరల పిల్లలు ఊదే కాగితం పీక ఊదంగనే సాపుగైతది గదా, ఇది గూడ గట్లనే, గొట్టం సాగుతుంటే ముల్లు తిరుగుతది అన్నడు. గది సమజైంది.

కొత్త సెన్సర్ల కాడికొస్తే ఆగమైన. ఒకదాంట్ల పల్చటి రేకు, దానికి అతికిచ్చిన సన్నటి తీగ. రేకు వంగితే తీగ సాగి, కరెంటు పోవుడు కష్టమైతది. ఇంకోదాంట్ల రెండు పలకలు, ఒత్తిడికి దగ్గరికి జరిగితే వాటిల నిలిచే చార్జి మారుతది. ఇంకోటి స్ఫటికం. ఒత్తంగనే కరెంటు పుట్టిస్తది, గట్లనే ఒత్తిపట్టుకుంటే జరసేపటికి ఆ కరెంటు ఆగి సప్పుడు చెయ్యది. ఒత్తిడి ఉండంగ సప్పుడెందుకు చెయ్యదని నేను కొట్లాడిన. నాకు గూడ మస్తు రోజులు సమజ్ కాలేదని నవ్విండు.

"ప్రెషర్‌ను ఎవ్వరు చూడలేదు బేటీ. ఏదో ఒకటి వంగితెనే మనకు ఎరుక," అన్నడు.

ఏ మీటరైనా సరే, చూసే ముందు అద్దం మీద గోటితోని మెల్లగ కొట్టేటోడు. ముల్లు ఇరుక్కుంటే కదులుతదని. ముల్లే లేని డిజిటల్ మీటర్ మీద గూడ కొడుతుంటే మేం నవ్వేటోళ్లం. రీడింగ్ తేడా వస్తే ముందుగాల మీటర్‌నే అనుమానపడాలె, తర్వాతనే పైపు లైనును అని రోజూ చెప్పేటోడు.

పోయినేడు ఆయనకు బీపీ ఉందన్నరు. ఇంట్లకు మిషను తెచ్చుకున్నడు. ఎప్పుడు చూసినా ఎక్కువనే. దాని మీద గోటితోని కొట్టి, సెన్సర్ జీరో తప్పింది, సున్న ఉండాల్సిన కాడ ఎక్కువ చూపెడుతుంది, చెక్ చేసినంకనే మాత్రలు అన్నడు. చాచీ ఎంత మొత్తుకున్నా ఇనలేదు. మాత్రలు డబ్బలనే ఉన్నయ్.

బాయిలరు కాడ ఆ దినం తప్పింది మీటరే. ఆయన చెప్పినట్లే జీరో చూసి పట్టుకున్న. ఇగ మీరే చెప్పుండ్రి, ఆ పాఠం తప్పని ఎట్లనాలె?

నలభై దినాలైనంక చాచీ ఆ మిషను నా చేతుల పెట్టింది.

"మిషను తప్పా, మనిషి తప్పా? నాకు తెల్వాలె," అన్నది.

కంపెనీకి తీస్కపోయి, అన్ని మీటర్లను సరిచూసే మాస్టర్ గేజుకు కలిపి చూసిన. మళ్ల మళ్ల చూసిన. తప్పు దొరకాలనే చూసిన, దొరకలే. ఆయన మీద కోపమొచ్చింది, ఏడుపొచ్చింది. వాపస్ తెచ్చి, మిషను మంచిగనే ఉంది చాచీ అన్న.

ఆమె చెయ్యి చాపి, పట్టీ కట్టుమన్నది. కట్టి బటన్ ఒత్తిన. గాలి నిండుతుంటే అంకెలు పైకి పోతున్నయ్. చాచీ రెండో చేతి గోటితోని అద్దం మీద మెల్లగ కొట్టింది.