వాము నీళ్ళ సీసా

సీసా చేతికి బరువుగా తగిలింది. బడి నుంచి వచ్చిన పాప సంచిలోంచి నేను రోజూ తీసేదే, కడిగి బోర్లించేదే. మూత తిప్పి చూశాను. పొద్దున కాచి పోసిన వాము నీళ్ళు లేత పసుపు రంగులో మెడదాకా అలాగే ఉన్నాయి. మామూలు నీళ్ళు పోసిన రోజుల్లో సీసా నిండుగా వస్తే బడి కుళాయిలో పట్టుకుందనుకునేదాన్ని. కానీ కుళాయిలో వాము నీళ్ళు రావు. అంటే ఒక్క గుక్కయినా తాగలేదు.

ఇంకో ఇంట్లో అయితే రెండు తిట్లు తిట్టి ఊరుకునే సంగతి. మా ఎనిమిదేళ్ళ పాపకి సికిల్ సెల్ జబ్బుందని కిందటేడు రక్తపరీక్షలో తేలింది. ఒంట్లో నీళ్ళు తగ్గితే దాని రక్తం సన్నటి నాళాల్లో అడ్డుపడుతుంది. అప్పుడొచ్చే నొప్పి ఒకసారి చూశాను.

"నీళ్ళెందుకు తాగలేదే?"

మంచం మీద ముడుచుకున్న పాప గోడవైపు తిరిగింది. "దాహమెయ్యలేదు."

గుమ్మంలో చోళ్ళు చెరుగుతున్న మా అత్త చేట ఆపింది. "ఏటే గుంటా, అలా ముడుసుకుపోయేవేటి? కాళ్ళు నొప్పా?"

అదే బడి ఆవరణలో అంగన్‌వాడీకి వెళ్ళే ఐదేళ్ళ తమ్ముడు అందుకున్నాడు. "అక్క రోజూ తాగట్లేదు. నేను సూశాను. సెప్పొద్దంది."

"నోర్ముయ్‌రా," అంది పాప ఏడుస్తూ. "అమ్మా, సెప్తే గింజ వెయ్యకూడదు కదా. నువ్వే సెప్పావు."

అవును, నేనే చెప్పాను. ఈస్టరు ముందటి ఉపవాస దినాలు మొదలయ్యే భస్మ బుధవారం నాడు ఇద్దరికీ చెరొక ఖాళీ పాలపొడి డబ్బా ఇచ్చాను. ఈ నలభై రోజులూ ఏదో ఒకటి మానుకోవాలి. మానుకున్న రోజు సాయంత్రం డబ్బాలో ఒక కాఫీ గింజ వేయాలి. ఏం మానుకున్నదీ ఎవరికీ చెప్పకూడదు, చెబితే ఆ గింజ చెల్లదు. మా అమ్మ నాకు నేర్పిన పద్ధతే ఇది. చిన్నప్పుడు ఆ రహస్యమే నాకు ఎంతో గొప్పగా ఉండేది.

పిల్లాడి రహస్యం మొదటి పూటే బయటపడింది. వాడు మానుకున్నది ఆనపకాయ కూర. అది వాడికి మొదట్నుంచీ గిట్టదు.

"బాగుందిరా గుంటడా నీ ఉపాసం," అంది అత్త. "అలాగైతే నేను కొండెక్కి కట్టెలు తేడం మానెత్తాను."

అందరం నవ్వాం. ఆ నవ్వులో పాపని ఎవరూ ఏమీ అడగలేదు. సాయంత్రం దాని డబ్బాలో గింజ టక్కుమన్నప్పుడల్లా నాకు గర్వంగా ఉండేది.

"నీళ్ళే ఎందుకమ్మా?" అని అడిగాను.

"శిలువ మీద ఆయనకి దాహమేసింది కదా. ఇంటికొచ్చి గింజ వేశాక తాగుతున్నాను కదమ్మా."

వేళ్ళు పట్టుకోబోతే అరిచింది. కళ్ళు పచ్చబడి ఉన్నాయి, జబ్బు తిరగబెడుతోందనడానికి అదొక గుర్తు. పొద్దున కూడా అలాగే ఉన్నాయా? నాకు తెలియదు. జడ వేశాను, సంచి సర్దాను. కళ్ళు చూడలేదు.

"మామిడి కొత్త పండగయ్యేదాకా మేం కాయ నోట్లో ఎట్టేవోళ్ళం కాదు," అంది అత్త, పాపకి దుప్పటి చుడుతూ. "నోరు కట్టుకోడం మాకూ తెలుసు. నీళ్ళు మానమని ఏ దేముడూ అడగలేదు. బేగి బయల్దేరు."

ఆవిడ గొంతులో నింద లేదు. ఉన్నా బాగుండేదనిపించింది.

మా ఆయన డుంబ్రిగుడ సంత నుంచి ఇంకా రాలేదు. పక్కింటివాళ్ళ ఆటోలో ఆసుపత్రికి బయలుదేరాం. ప్రతి మలుపులోనూ పాప మూలిగింది. చెంచాతో నీళ్ళు పోయబోతే పెదాలు బిగించింది.

"మరి ఇవాల్టి గింజ? ఇంకా వెయ్యలేదు కదా." అంది.

ఆసుపత్రి నుంచి ఇంటికొచ్చి, పిల్లలు పడుకున్నాక కూర్చుని ఇది రాస్తున్నాను. ఆ మాట రాసి మళ్ళీ చదువుకున్నాను. అంత నొప్పిలోనూ అది నా నియమాన్ని తప్పలేదు.

"చదువుకున్నవారు, మీకూ చెప్పాలా మేడం?" అంది నర్సు, సెలైన్ పెడుతూ. ఈ జబ్బు గురించి ఆసుపత్రివాళ్ళు ఇచ్చిన కాగితాన్ని మా ఊరి తల్లులందరికీ చదివి వినిపించింది నేనే. అందులో మొదటి మాటే నీళ్ళు.

తెల్లవారేసరికి నొప్పి తగ్గింది. అత్త గంజి తెచ్చింది. వెంట వచ్చిన పిల్లాడి చంకల్లో రెండు డబ్బాలూ ఉన్నాయి. ఇద్దరినీ మంచం మీద పక్కపక్కన కూర్చోబెట్టి చెప్పాను:

"తప్పు నాది. చెప్పకూడదని నేను అనకుండా ఉండాల్సింది. ఇకనుంచి మనింట్లో ఏం మానుకున్నా అమ్మకి చెప్పే మానుకోవాలి. నీళ్ళు మాత్రం ఎప్పుడూ మానకూడదు. సీసా ఖాళీ చేసి తెచ్చిన రోజే అక్కకి గింజ. ఆనపకాయ తిన్న రోజే నీకు. నాది కూడా చెప్తున్నాను, వినండి. రోజూ పొద్దున అక్క కళ్ళు చూశాకే నేను కాఫీ తాగుతాను."