కాగితం మీద కూతురు

జనవరి నెలాఖరు వచ్చిందంటే వర్నా స్టిడమ్‌కు అన్నీ మానేసి కుర్చీకి అతుక్కుపోవడమే పని. తూర్పు కెంటకీ కొండల్లో, బట్టలుతికే దుకాణం పక్క గదిలో, ఇరవై రెండేళ్లుగా లోయ జనం పన్ను రిటర్నులు ఆమే రాసేది. బొగ్గు గనులు మూతపడ్డాక మా ఇళ్లలో కాస్త డబ్బు కనిపించేది రిఫండు వచ్చినప్పుడే. అందుకే పాస్టరు కన్నా వర్నాకే మర్యాద ఎక్కువ. వేడి మొక్కజొన్న రొట్టె, ఉడికించిన బీన్సు తెచ్చి ఆమె బల్ల మీద పెట్టేవాళ్లం. ఆమె కళ్లజోడు పైనుంచి చూసి, నాలుగు తిట్టి, పని చేసిపెట్టేది.

లోయలో ఒక అలవాటుంది. పిల్లల్ని కాగితం మీద చేబదులిస్తాం. రిటర్నులో పిల్ల పేరుంటే రిఫండు పెరుగుతుంది మరి. అక్కకు ముగ్గురుండి పని లేకపోతే, పని ఉన్న తమ్ముడు ఆ ఏడాది ఒకరిని తన రిటర్నులో రాసుకుంటాడు. పిల్ల సగం ఏడాదికి మించి ఎవరింట్లో ఉంటే వాళ్లే రాసుకోవాలన్న రూలు వర్నాకు కంఠతా వచ్చు. అయినా, "సర్లే, ఎవరింట్లో తింటే ఏం, అంతా ఒక్క రక్తమేగా" అంటూ రాసేసేది. అది మంచితనం అనుకుంది. ఆమెను తలుచుకుంటే నాకు ఒళ్లు మండుతుంది, కానీ ఆ బల్ల ముందు నేనూ నిలబడ్డాను.

ఆమె ఒక్కగానొక్క కూతురు షెలీన్ మత్తు మాత్రలకు బలైపోయింది. పూడ్చిన మూడో రోజే డారెల్ కూంబ్స్ గుమ్మంలోకి వచ్చాడు. షెలీన్‌ను పెళ్లాడకుండానే అల్లుడైనవాడు. ఐదేళ్ల టెస్సా అతని కూతురే.

"పిల్లని తీసుకుపోతా అత్తా."

"నీక్కావాల్సింది పిల్లా, రిఫండా? నా మొహం చూసి చెప్పు."

డారెల్ బూట్ల వంక చూసుకున్నాడు.

"విను. పిల్ల నా దగ్గరుంటుంది. కాగితం మీద నీ దగ్గరుంటుంది. ఏడాదికోసారి వచ్చి సంతకం పెట్టి రిఫండు తీసుకుపో."

మూడేళ్లు అలాగే జరిగింది. డారెల్ రిటర్నులో హోదా, ఇంటి పెద్ద. అతని మీద ఆధారపడ్డవాళ్లు, టెస్సా. ఎన్ని నెలలు ఇంట్లో ఉంది అన్న గడిలో, పన్నెండు. ఏడు వేసినా సరిపోయేది, కానీ పన్నెండు వేస్తే ఎవరూ తిరిగి అడగరని వర్నా అనుభవం. కింద, తయారుచేసినవారు అన్న చోట ఆమె సంతకం. తన సొంత రిటర్నులో మాత్రం ఒంటరి మనిషినని, తన మీద ఆధారపడ్డవాళ్లు ఎవరూ లేరని రాసుకునేది. ఇంటికెళ్లి టెస్సాకు జడ వేసేది.

నాలుగో ఏడు డారెల్ జనవరిలో రాలేదు. మార్చిలో వచ్చాడు. నున్నగా గడ్డం గీసుకుని, ఇస్త్రీ చొక్కా వేసుకుని, టోపీ చేత్తో పట్టుకుని. ఆ మర్యాద చూడగానే వర్నా కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టింది.

"ఏంటి అల్లుడూ, చర్చికి పోతూ దారి తప్పావా?"

అతను నవ్వలేదు. "పాత రిటర్నుల కాపీలు కావాలి. మూడేళ్లవీ."

"దేనికి?"

"నావేగా అత్తా."

అతనివే. ఇవ్వననే హక్కు ఆమెకు లేదు. ప్రింటరు ఒక్కో పేజీ కక్కుతుంటే పన్నెండు, పన్నెండు, పన్నెండు అని తన లెక్కే తన కళ్లబడింది.

"ఒహాయోలో పెళ్లి చేసుకున్నా," అన్నాడు కాగితాలు సర్దుకుంటూ. "మా ఆవిడకి పిల్లలు పుట్టరట. టెస్సాకి గది సిద్ధం చేసింది. కోర్టులో వేశా, నోటీసు వస్తుంది."

వర్నా బడి రికార్డులు, డాక్టరు చీటీలు సంచిలో వేసుకుని లాయరు దగ్గరికి పరిగెత్తింది. ఆ కుర్ర లాయరమ్మ అన్నీ తిరగేసి తల పట్టుకుంది.

"ఇవి చూపిస్తే పిల్ల మీ ఇంట్లో ఉందని తేలుతుందండీ. రిటర్నులు అబద్ధమనీ తేలుతుంది. రాసింది మీరు."

"చూపించకపోతే?"

"పిల్ల తండ్రి దగ్గరే ఉందని మీరే మూడుసార్లు సంతకం పెట్టారు." ఆమె గొంతు తగ్గించింది. "ఇలాంటివి ఇంకెన్ని రాశారు?"

వర్నా చీటీలన్నీ తిరిగి సంచిలో వేసుకుని లేచింది.

కోర్టు కేసు సంగతి లోయంతా పాకింది. బల్ల మీదికి గిన్నెలు రావడం ఆగిపోయింది. సాక్ష్యం చెప్పమని వర్నా పక్కింటి ఓపల్‌ను అడిగింది.

"టెస్సా నీ దగ్గరే పెరిగిందని నాకు తెలీదా వర్నక్కా? కానీ కోర్టులో నోరు తెరిస్తే మా పిల్లల లెక్కా తీస్తారు. నన్నొదిలెయ్," అని ఓపల్ తలుపు వేసేసింది. వర్నా తర్వాత మా ఇంటికీ వచ్చింది. నేను అసలు తలుపే తియ్యలేదు.

ఏప్రిల్‌లో విచారణ. జడ్జి ఆ మూడు రిటర్నులూ ఆమె ముందు పరిచాడు.

"ఈ సంతకం మీదేనా?"

"నాదే."

"పిల్ల ఎక్కడుండేది?"

వర్నా ఒక్కసారి కళ్లు మూసుకుంది. "మా ఇంట్లో. ఒక్క రోజు కూడా అతని దగ్గర లేదు. నేను రాసింది అబద్ధం."

జడ్జి రిటర్నులు ఒకదాని మీద ఒకటి పేర్చి పక్కన పెట్టాడు. అలసిపోయిన గొంతుతో చెప్పాడు: "అబద్ధం మీ ఇద్దరిదీ. దీన్ని పన్నుల వాళ్లకు పంపక తప్పదు. రేపు మీరు జైలుకి పోతే పిల్ల ఎవరి దగ్గరుంటుంది? ఆయనా శుద్ధుడేం కాదు. కానీ తండ్రి. ప్రస్తుతానికి తండ్రి దగ్గరే."

బయట వరండాలో టెస్సా ఆమె నడుము చుట్టేసింది. "అమ్మమ్మా, నేనేం తప్పు చేశా?"

"నువ్వు కాదమ్మా. నేను." వర్నా ఆ చేతుల్ని ఒక్కో వేలూ విడదీసింది. మెట్ల కింద కారులో, ఇంజను ఆపకుండానే డారెల్ కొత్త పెళ్లాం కూర్చుని ఉంది.

డారెల్ పిల్ల చెయ్యి పట్టుకుని, ఏదో గుర్తొచ్చినట్టు ఆగాడు.

"అత్తా, దీనికి పడనివేమైనా ఉన్నాయా?"

"వేరుశెనగ. ఒక్క గింజ తగిలినా గొంతు మూసుకుపోతుంది. సూది మందు దాని సంచిలో ఉంది. ఎప్పుడూ దగ్గరే ఉండాలి. విన్నావా? ఎప్పుడూ."

"సరే సరే," అన్నాడు డారెల్, సంచి ఏదని అడక్కుండానే మెట్లు దిగుతూ.