ఆరని వార్నీషు

మా నాన్న బందరులో ఒక స్కూల్లో డ్రాయింగు మాస్టారు. వారమంతా పిల్లల బొమ్మలు దిద్దీ దిద్దీ విసిగిపోయేవాడేమో, ఆదివారం చర్చి నుంచి రాగానే లుంగీ ఎగ్గట్టి వార్నీషు డబ్బా మూత తీసేవాడు. కుర్చీలయ్యాయి, కిటికీ రెక్కలయ్యాయి, నేను ఇంటర్ చదువుకునే బల్లయింది. చివరికి పప్పుగుత్తికి కూడా ఓ పూత వేశాడు. ఆ పూట పప్పంతా టర్పెంటైను వాసన. "మీ నాన్న దగ్గర కదలకుండా ఎక్కువసేపు కూచోకే, నీకూ ఓ కోటింగు వేసేస్తారు" అనేది అమ్మ.

"వార్నీషంటే చెక్కకి చొక్కా" అనేవాడు నాన్న, క్లాసులో చెప్పినట్టు. తడిని లోపలికి పోనివ్వదట. చెక్కలో ఉన్న గీతల్ని పైకి తెచ్చి చూపిస్తుందట. రంగు వేస్తే చెక్క దాక్కుంటుంది, వార్నీషు వేస్తే బయటపడుతుంది, అదీ ఆయన సిద్ధాంతం. బయటపడేది చెక్క ఒక్కటే కాదని ఆయనకి తర్వాత తెలిసింది.

దివిసీమలో నాయనమ్మ ఉండే పేటని ఉప్పెన ముంచేశాక ఆమె మా ఇంటికి వచ్చేసింది. ఆ రోజు గుడివాడలో మా అత్త ఇంట్లో ఉండబట్టి ఆమె దక్కింది. ఇల్లు పోయింది, గేదెలు పోయాయి, పేటలో సగం మంది పోయారు. ఊరి బయట తుమ్మచెట్లలో ఇరుక్కుని మా పొడుగాటి టేకు బల్ల ఒక్కటే దొరికింది. అంతకుముందు సాయంత్రం ప్రార్థనకి వచ్చినవాళ్ళంతా నాయనమ్మ ఇంటి అరుగు మీద ఆ బల్ల మీదే కూచునేవారు. నాయనమ్మ పట్టుబట్టి దాన్ని లారీలో వేయించి బందరు తెప్పించుకుంది.

ఉప్పునీళ్ళకి తెల్లబారి, పగుళ్ళు తేలిన బల్ల ఇంట్లోకి వస్తే నాన్న చూస్తూ ఊరుకుంటాడా? గరుకు కాగితాన్ని వడ్రంగులు ఉప్పుకాగితం అంటారు, అది తెచ్చి రుద్దడం మొదలుపెట్టాడు.

"ఉప్పులో నానింది చాల్లేదా, మళ్ళీ ఉప్పుకాగితమేవిట్రా?" అంది నాయనమ్మ. తర్వాత డబ్బా కేసి చూసి, "దీన్నేవంటారు?" అని అడిగింది.

"వార్నీష్ అమ్మా."

"వార్నీ! సరే, చివర ఆ 'ష్' ఏవిట్రా, నన్ను నోరు మూసుకోమనా?"

మరుసటి ఏడు స్కూళ్ళు తెరిచే రోజుల్లో, పేట నుంచి పొరుగింటాయన చూడటానికి వచ్చాడు. నాయనమ్మని అత్తా అని పిలిచేవాడు. కొత్త ఇళ్ళు లేస్తున్నాయనీ, ప్రార్థన మళ్ళీ మొదలుపెట్టామనీ చెప్పి వెళ్ళాడు. ఆ పూటే నాయనమ్మ, "బల్ల తీసుకుని నేను వెళ్ళిపోతాన్రా" అంది. నాన్న మొహం వాడిపోయింది. వెళ్ళొద్దని మాత్రం అనలేదు. "అలాగేనమ్మా, మొన్న వేసిన వార్నీషు ఆరనీ" అన్నాడు.

అది ఆరితేగా! నాయనమ్మ రోజూ పొద్దున్నే వేలితో తాకి చూసేది, వేలు అంటుకునేది. "బందరు గాలి కదమ్మా, తేమ" అనేవాడు నాన్న. పాపం, గాలికి నోరు లేదు కాబట్టి సరిపోయింది. అదే డబ్బాతో పూత వేసిన కిటికీ రెక్కలు ఎప్పుడో ఆరి నిగనిగలాడుతున్నాయి.

"ఏవండీ, బందరు గాలి ఆ బల్ల చుట్టూనే తిరుగుతోందాండీ?" అని అడిగింది అమ్మ.

నాన్న కుంచె వెతుక్కుంటున్నట్టు వంగాడు. ఆరబోతోందనగానే ఇంకో పూత వేసేస్తున్నాడని నాకు అప్పుడు అర్థమైంది. మొదట నవ్వొచ్చింది. ఇంత పెద్దమనిషి సముద్రానికి ఎంత భయపడుతున్నాడో తెలిశాక జాలేసింది.

ఒక సాయంత్రం నాన్న స్కూలు నుంచి వచ్చేసరికి, పొద్దున వేసిన పూత మీద నాయనమ్మ తెల్లచీరతో దర్జాగా కూచుని ఉంది.

"అమ్మా! తడి!"

"ఆరింది."

"చీర అంటుకుపోతుందే, లే."

"అంటుకోనీ. నేనెక్కడికెళ్తే ఇదీ అక్కడికే వస్తది."

"అక్కడ సముద్రం ఉందమ్మా!" అన్నాడు నాన్న. అన్నాళ్ళుగా గొంతులో దాచుకున్న మాట అది.

"బందర్లో ఉన్నదేవిట్రా, మంచినీళ్ళ చెరువా?"

అమ్మ కిసుక్కున నవ్వింది. నాన్న నవ్వలేదు. నాయనమ్మ గొంతు తగ్గించింది. "మిగిలినోళ్ళు కింద కూచుని ప్రార్థన చేసుకుంటన్నార్రా. బల్లేమో ఇక్కడ సోకులు చేయించుకుంటంది. నాకు సిగ్గుగా ఉంది."

నాన్న డబ్బాకి మూత బిగించాడు. నేనూ అమ్మా చెరో రెక్కా పట్టుకుని నాయనమ్మని లేపితే, చీర చిరుగుతూ ఊడి వచ్చింది. దాని నేత అచ్చు బల్ల మీద ఉండిపోయింది. ఆ వారంలోనే వార్నీషు చక్కగా ఆరిపోయింది. బందరు గాలికి ఏ జబ్బూ లేదు. అవనిగడ్డ బస్సు టాపు మీద బల్ల కట్టించి, నాన్నే వెంట వెళ్ళి నాయనమ్మని దింపి వచ్చాడు.

క్రిస్మస్‌కి మేమంతా వెళ్ళాం. కొత్త ఇంటి వరండాలో ప్రార్థనకి బల్ల నిండా జనం. చీర అచ్చు పడ్డ చోటే నాయనమ్మ కూచుంది. నాన్నని చూసి కాస్త జరిగింది. ఆయన కూచోబోతూ, అలవాటు కొద్దీ చెక్కని వేలితో తాకి చూశాడు.

"ఆరిందిరా" అంది నాయనమ్మ. "కూచో."