పంచాంగం మాస్టారి ఇయర్ ప్లాన్

ఒకే ఒక్క ప్రశ్నతో ఒక అకడమిక్ ఇన్‌ఛార్జిని అయిదు వందల మంది ముందు మట్టి కరిపించినవాణ్ణి నేను. ఆ సాయంత్రం రైలెక్కి నిడదవోలు వెళ్ళిపోయిన ఆ కుర్రాడు మళ్ళీ భీమవరం ముఖం చూడలేదు.

అంత కక్ష ఎందుకంటారా? చెబుతాను.

సర్కారు బడిలో ఇంగ్లీషు చెప్పి రిటైరయ్యాక, భీమవరం శివార్లలో ఒక ప్రైవేటు స్కూలువాళ్ళు పిలిస్తే చేరాను. వేసవి సెలవుల చివర్లో, ఆరు నుంచి ఎనిమిదో తరగతి దాకా ఇంగ్లీషుకి ఇయర్ ప్లాన్ వేసి తెమ్మన్నారు. నా పద్ధతి వేరు. పుస్తకంలో పాఠాల వరస కన్నా ముందు ఊరి వరస చూస్తాను. కాలువలకు నీళ్ళు వదిలి, వానలు పట్టుకుని, పిల్లలు తడిసి వచ్చి ముడుచుకుని కూర్చునే రోజుల్లో పెద్ద కథలు చదివించాలి. రాత్రుళ్ళు చెరువుల్లో రొయ్యలు పట్టే రోజుల్లో సగంమంది నిద్రమొహాలతో వస్తారు. అప్పుడు చిన్న పోయెమ్ చాలు. శుక్రవారం ఆఖరి పీరియడ్‌లో ఎవరికి వారు ఆ పొద్దున ఇంట్లో జరిగింది నాలుగు ముక్కలు ఇంగ్లీషులో రాయాలి. దసరా దాకా తప్పులు దిద్దకూడదు. ముందే ఎర్ర పెన్ను చూపిస్తే పిల్లలు తప్పు లేని మాటే వెతుక్కుంటారు, చెప్పాలనుకున్నది వదిలేస్తారు.

ఆ కాగితం స్టాఫ్ మీటింగులో పెట్టాను. మా అబ్బాయి వయసు కూడా లేని ఇన్‌ఛార్జి అటూ ఇటూ తిప్పి చూశాడు.

"మాస్టారూ, ఇది ఇయర్ ప్లానా అండి, పంచాంగమా?"

గది గదంతా నవ్వింది. తెలుగు మేడం పమిట అడ్డం పెట్టుకుంది. మధ్యాహ్నానికి అటెండరు కూడా "పంచాంగం మాస్టారూ, టీ" అన్నాడు. నా శుక్రవారం పీరియడ్ స్లిప్ టెస్టులకు పోయింది. ప్రతి పాఠానికీ ప్రశ్నా జవాబూ అచ్చేసిన షీటు, దాన్ని బట్టీ పట్టడం. ఇదీ కొత్త ప్లాను.

నేను మంచివాణ్ణే గాని, నన్ను చూసి నవ్వినవాణ్ణి మరిచిపోయేంత మంచివాణ్ణి కాను. ఆ కక్షని వానాకాలమంతా ఆవకాయలా ఊరబెట్టాను.

దసరా వెళ్ళాక తల్లిదండ్రుల మీటింగు పెట్టారు. ఏడో తరగతి పిల్లలు తమ ఊరి గురించి ఇంగ్లీషులో మాట్లాడతారని ఇన్‌ఛార్జి అందరికీ చెప్పాడు. మాట్లాడటమంటే షీటు అప్పజెప్పడమే. పెద్దవాణ్ణని మైకు నా చేతిలో పెట్టారు. అక్కడే చేశారు పొరపాటు.

వాళ్ళలో ఒక పిల్ల ఉంది. ఎంత పెద్ద షీటైనా తడుముకోకుండా చెప్పేస్తుంది. ఇన్‌ఛార్జికి ఆ పిల్లంటే గొప్ప. చెరువులు కౌలుకు చేసే వాళ్ళ నాన్న ఆ పొద్దున గేటు దగ్గర నాతోనే అన్నాడు: "ఆయ్, ఇవాళ చూస్తానండి మాస్టారూ. ఇంగ్లీషు రాలేదంటే నరసాపురంలో వాళ్ళమ్మమ్మ దగ్గర దింపేసి, అక్కడి బళ్ళో వేసేస్తాను. ఇంత ఖర్చెందుకండి?" ఆ మాట విని కూడా ఆ పిల్లనే ఎంచుకున్నాను. తను తడబడితే ఆ కుర్రాడి ప్లాను మొత్తం కూలుతుంది కదా.

పిల్ల అప్పజెప్పింది. చప్పట్లు ఆగక ముందే మైకులో ఇంగ్లీషులో అడిగాను, ఇవాళ పొద్దున మీ ఇంట్లో ఏం జరిగింది తల్లీ అని.

పిల్ల నోరు తెరిచింది. మాట రాలేదు. నన్ను చూసింది, రెండో వరసలో నాన్నని చూసింది. ప్యాంటు అంచుకి చెరువు బురద ఎండిపోయి ఉన్న ఆ మనిషి తల వంచేసుకున్నాడు. వెనకనుంచి ఎవరో "ఫీజులు మాత్రం బాగా గుంజుతారండోయ్!" అన్నారు. ఇన్‌ఛార్జి మొహంలో నెత్తురు చుక్క లేదు. అబద్ధమెందుకు, ఆ క్షణం నాకు జున్ను తిన్నట్టుంది.

అప్పుడతను లేచి వచ్చాడు. పిల్ల ముందు మోకాళ్ళ మీద కూర్చుని తెలుగులోనే మెల్లగా అడిగాడు.

"పొద్దున నాన్న ఏం చేశారమ్మా?"

"కరెంటు పోయిందండి. చెరువు నీళ్ళకి గాలి కొట్టే ఏరియేటర్లు ఆగిపోయాయి. రొయ్యలు పైకి తేలిపోతుంటే నాన్న జనరేటర్ దగ్గరికి పరిగెత్తారు."

"అంతే, అదే ఇంగ్లీషులో చెప్పు. ఒక్కొక్క ముక్కే. తప్పొచ్చినా పర్లేదు."

చెప్పింది. వంకర టింకర ఇంగ్లీషు, కానీ ఎవరూ అచ్చేసి ఇవ్వనిది. తప్పులు వచ్చాయి, అతను దిద్దలేదు. వాళ్ళ నాన్న తలెత్తి చూశాడు. నాకు మాత్రం ఒళ్ళు మండింది. అంటే నా కాగితాన్ని చూసి నవ్వినవాడు దాన్ని పూర్తిగా చదివాడన్నమాట! నవ్వినందుకన్నా చదివినందుకే ఎక్కువ కోపం వచ్చింది.

సరే, నిజం చెప్పేస్తాను. అయిదు వందల మందీ లేరు, ఒక షామియానా కిందికి సరిపడే జనం. ఆ సాయంత్రం అతను నిడదవోలు వెళ్ళిన మాట నిజమే, రోజూ వెళ్ళేదే. మర్నాడు పొద్దున రైలుకి వచ్చి నాకన్నా ముందే సంతకం పెట్టాడు కూడా. కానీ ఒక్కటి మాత్రం పెంచి చెప్పింది కాదు. ఆ మరుసటి వారమే శుక్రవారం రాత పీరియడ్ తిరిగి వచ్చింది. "నా ప్రశ్న దెబ్బకి దిగొచ్చారు" అని టీ కొట్టులో చెప్పాను, మంగలి షాపులో చెప్పాను. స్టాఫ్ రూములో చెబుతుండగా, పేపర్లు దిద్దుతున్న తెలుగు మేడం పెన్ను పక్కన పెట్టింది.

"అంత లేదండి మాస్టారూ. మీటింగయ్యాక ఆ పిల్ల నాన్న ప్రిన్సిపాల్ గారి గదికొచ్చాడు. నేనక్కడే ఉన్నాను. 'పిల్లని ఇక్కడే ఉంచుతానండి, ఆ కుర్ర సారు ఇందాక చెప్పించినట్టు వారానికోసారి చెప్పించండి. ఆ మైకు పెద్దాయన్ని మాత్రం మా పిల్ల దగ్గరికి రానివ్వకండి' అన్నాడు. కొత్త టైంటేబుల్ చూశారా అసలు? శుక్రవారం ఆఖరి పీరియడ్‌కి మీ పేరు లేదు."